మేస్త్రీ అన్న మాట పుట్టిల్లు

పక్క జాగాలో ఇల్లు లేస్తోంది. పొద్దున్నే కొత్త గోడకు నీళ్లు కొట్టారు. కాలిన ఇటుక మీద, ఇంకా పచ్చిగా ఉన్న సిమెంటు మీద నీళ్లు పడితే ఒక వాసన లేస్తుంది. కొంచెం మట్టి, కొంచెం సున్నం, కొంచెం ఆవిరి. వాన పడ్డ నేల వాసన గురించి ప్రతివాడూ రాస్తాడు. ఈ వాసన గురించి ఒక్కడూ రాయడు. రాసేవాళ్లలో గోడ కట్టినవాడు ఉంటే కదా రాయడానికి. నేను మంచంలోంచి లేచి, చాయ్ కూడా తాగకుండా ప్రహరీ దగ్గరికి వెళ్లి నిలబడి ఆ వాసన పీల్చుకున్నాను. నఫీసా టీచర్ గుర్తుకొచ్చింది. ఆమె ఇంటి గోడకు ఇట్లా నీళ్లు కొడుతున్న రోజుల్లోనే, ఒక్క మాటకు ఎన్ని దేశాల్లో చుట్టాలుంటారో ఆమె నాకు చూపించింది. అప్పటికి నాకు అరవై దాటాయి. అరవై దాటిన మనిషి ఇక మారడని అంటుంటారు. అనేవాళ్లు నఫీసా టీచర్‌ను చూడలేదు. మీరూ చూడలేదు కాబట్టి చెబుతాను.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. నా పేరు కుర్మయ్య. పుట్టింది పాలమూరు పల్లెలో, బతికింది నల్గొండలో. చేసింది సుతారి పని, అంటే ఇటుక గోడలు కట్టడం, వాటికి గిలాబు చేసి నున్నగా తీర్చడం. మా ఊళ్ల వైపు మేస్త్రీ అంటే గోడ కట్టేవాడు కాదు, లారీ తెచ్చేవాడు. కోతలు కాగానే వచ్చి, ఒంట్లో సత్తువ ఉన్న ఆడా మగా అందరినీ గుంపుగా ఎక్కించుకొని, ఎక్కడో కడుతున్న డ్యాముకు తోలుకుపోయేవాడు. మా బాపును అట్లాగే తోలుకుపోయాడు. తిరిగి తెచ్చింది బాపు గొంగడిని. మనిషేడి అని మా అమ్మ అడిగితే కట్ట కూలిందని ఒక్క మాట చెప్పి, ఇంకా మూడు ఊళ్లు తిరగాలని లారీ ఎక్కాడు. ఆ హారన్ మోత నా చెవిలో ఉండగానే నేను పెద్దవాణ్ణయ్యాను. తాపీ పట్టాను, పని నేర్చాను, నా వెంట ఒక జట్టు తయారైంది. అందరూ నన్ను మేస్త్రీ అనబోయారు. అనొద్దన్నాను. కుర్మన్నా అనండి, లేదా ఓయ్ అనండి, ఆ మాట అంటే మాత్రం పలకనన్నాను. నిజంగానే పలికేవాణ్ణి కాదు. కింది నుంచి పిలిచి పిలిచి గొంతు పోయి, మెట్లెక్కి వచ్చి భుజం తట్టిన ఇంటి యజమానులు చాలామంది ఉన్నారు.

చదువు నాకెవరూ చెప్పలేదు. ఎన్నికలప్పుడు గోడల మీద రాసే పెద్ద పెద్ద అక్షరాలతో తెలుగు నేర్చుకున్నాను. సిమెంటు బస్తాలతో ఇంగ్లీషు, దుకాణాల బోర్డులతో ఉర్దూ కూడబలుక్కున్నాను. ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ కోపం పెరిగింది. పేపర్లో మా మాట ఉండదు, పుస్తకంలో మా పని ఉండదు, సినిమాలో మా యాస మాట్లాడేవాడు తన్నులు తినడానికే వస్తాడు. అందుకే తెలంగాణ వచ్చిన ఏడు నా సంబురం ఇంతా అంతా కాదు. నా వంతు పని ఒకటి నేనే మొదలుపెట్టుకున్నాను. మన నోట్లో చేరిన పరాయి మాటలన్నీ ఏరి అవతల పారేయాలి. మాస్టారు అక్కడి మాట, సారు మన మాట అని చాయ్ హోటల్లో తీర్పులు చెప్పేవాణ్ణి. పారేయాల్సిన మాటల్లో అందరికన్నా ముందు పేరు మేస్త్రీదే.

అదే ఏడు నఫీసా టీచర్ ఇల్లు మొదలుపెట్టింది. ఇంగ్లీషు టీచర్, అప్పుడే రిటైరైంది. తిరుమలగిరి వైపు సర్కారు బడుల్లో ఎక్కువ కాలం చేసింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం బడిగంట. భర్త చిన్నవయసులోనే పోయాడు, పిల్లలు లేరు, బతుకంతా కిరాయి ఇండ్లలో గడిచింది. నల్గొండ శివారులో చిన్న జాగా కొని, రెండు గదులు, వంటిల్లు వేసుకుందామనుకుంది. పని జరిగే చోట ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకొని, నల్ల గొడుగు కింద కూర్చుని, ఒళ్లో ఇటుకంత మందం నిఘంటువు పెట్టుకొని చదువుకునేది. మిగతా యజమానులు ఇసుక దొంగతనం పోతుందేమోనని కాపలా కూర్చుంటారు. ఈమె మాటలు చదువుతూ కూర్చుంది.

పునాది నాడు ఆమె నన్ను మేస్త్రీగారూ అని పిలిచింది. నేను పలకలేదు. మళ్లీ పిలిచింది. మాలు తట్ట తల మీద పెట్టుకొని పోతున్న యాదమ్మ ఆగి, ఆయన గా మాటకు పలుకడు మేడం, కుర్మన్నా అనుండ్రి అని చెప్పి పోయింది. యాదమ్మ మా జట్టులో ఇసుక సిమెంటు కలిపి, ఆ మాలు మోసే మనిషి. గుట్ట కింది ఊరామె. మొగుడు పోయాక పనికొచ్చి, అప్పటికి చాలా ఏళ్లుగా నాతోనే ఉంది. నోరు కొంచెం పెద్దది. టీచర్ కుర్చీలోంచి లేచి నా దగ్గరికి వచ్చి, ఎందుకు పలకరని అడిగింది. బాపు సంగతి చెప్పాను. అయ్యో పాపం అనలేదామె. ఆ మాట ఎవరిదనుకుంటున్నారని అడిగింది.

"ఇంకెవరిది, మీదే. ఉర్దూల మిస్త్రీ అంటరు కద. అదే మా నెత్తిన పడ్డది" అన్నాను. కొంచెం పొడిచినట్టే అన్నాను.

ఆమె నవ్వింది. "మాది కాదు కుర్మన్నా. మేము కూడ కిరాయికి తెచ్చుకున్నదే. అసలు ఇంటోళ్లు వేరే ఉన్నరు."

మరునాడు ముందుగది గోడ ఛాతీ ఎత్తు లేచింది. టీచర్ కింద పడున్న ఇటుక ముక్క తీసుకొని, గోడ అడుగున ఒక మాట రాసింది. మగిస్టెర్. అది రోము నగరం వాళ్ల లాటిన్ మాట అంది. మగిస్ అంటే వాళ్ల భాషలో ఎక్కువ. పదిమందిలో ఎక్కువ తెలిసినవాడు, ముందు నిలబడేవాడు మగిస్టెర్. బడి పంతులునూ అదే మాటతో పిలిచేవారట. దాని పైన చెట్టు బోదెలా ఒక గీత గీసి, కొమ్మలు వేయడం మొదలుపెట్టింది. ఒక కొమ్మ చివర ఇటలీవాళ్ల మాయెస్ట్రో. పాట కట్టేవాణ్ణి వాళ్లు గౌరవంగా అట్లా పిలుస్తారు. ఇంకొక కొమ్మకు ఫ్రెంచివాళ్ల మేత్ర్, మరొక కొమ్మకు జర్మనీవాళ్ల మైస్టర్. ఇంగ్లీషు కొమ్మకు మాస్టర్, దానికి పుట్టిన చిన్న రెమ్మ మిస్టర్. ఆఖరున ఒక పొడుగు కొమ్మ గీసి పోర్చుగీసువాళ్ల మెస్ట్రె అని రాసింది. వాళ్లు ఓడల్లో పడమటి తీరానికి వచ్చారు. కోటలు కట్టారు, చర్చిలు కట్టారు, ఓడలు బాగు చేసుకున్నారు. పనిలో పెద్దను మెస్ట్రె అని పిలుచుకున్నారు. పక్కన రాళ్లు మోస్తున్న మనవాళ్లు విన్నారు. ఆ కొమ్మ చివర తమిళం, కన్నడం, తెలుగు, హిందీ, ఉర్దూ అని రెమ్మలు వేసి, తెలుగు రెమ్మ కొసన మేస్త్రీ అని రాసి ఇటుక ముక్క నా చేతిలో పెట్టింది.

నాకు ఎందుకంత సంబరమైందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నేను తిట్టుకుంటూ వచ్చిన మాట మా ఊరి లారీలో పుట్టలేదు. సముద్రం దాటి, ఎవరెవరి నోళ్లలోనో నాని, కాళ్లకు ఎన్ని దేశాల మట్టి అంటించుకొని నా దగ్గరికి వచ్చింది. ఇంతకాలం దాన్ని గుమ్మంలోనే నిలబెట్టి మొఖం మీద తలుపేస్తూ వచ్చాను. ఆ రోజు మాలు ఎండిపోతోందని బయటి నుంచి యాదమ్మ అరిచేదాకా నేను ఆ గోడ ముందు నుంచి కదల్లేదు.

ఆ తర్వాత నాకు అదొక పిచ్చి పట్టుకుంది. పొద్దున ఎవరికన్నా ముందే పనిలోకి వచ్చేవాణ్ణి. దారిలో దొరికిన మాటలన్నీ పోగేసుకొని టీచర్ ముందు గుమ్మరించేవాణ్ణి. టైలర్ మాస్టర్? అవును, చుట్టమే. హోటల్లో టీ మాస్టర్, రైల్లో స్టేషన్ మాస్టర్? వాళ్లూ చుట్టాలే. మరి కోర్టులో మెజిస్ట్రేటు? ఆయన మేనమామ లాంటివాడని ఆమె నవ్వి, గోడ మీద పెద్ద కొమ్మకే తగిలించింది. అంటే కోర్టులో కుర్చీలో కూర్చునే ఆయనదీ పరంజా మీద నిలబడే నాదీ ఒకటే వంశమా అని నేను చిందులేశాను. ఒకనాడు ఉస్తాద్ కూడా మనవాడే కదా అని పరుగున వచ్చాను. పనిలో పెద్దనే కదా ఉస్తాద్ అనేది. ఆమె తల అడ్డంగా ఊపి, అది పారసీ మాట, మొఖాలు కలిసినంత మాత్రాన చుట్టం కాదు, రుజువు చూడాలి అంది. అట్లా ఆమె నాకు మాటలే కాదు, తొందరపడి చుట్టరికం కలపకపోవడం కూడా నేర్పింది. నేను పుట్టుకతో తొందర మనిషిని. ఇప్పటికీ ఏదైనా ఖాయంగా చెప్పబోతుంటే ఆమె తల అడ్డంగా ఊగుతున్నట్టు కనిపిస్తుంది.

అన్నింటికన్నా పెద్ద పండుగ మినిస్టర్ మాట వచ్చిన రోజున జరిగింది. రోము వాళ్లు ఎక్కువ అనే మాట నుంచి మగిస్టెర్ చేసినట్టే, మినుస్, అంటే తక్కువ అనే మాట నుంచి మినిస్టెర్ అని ఇంకొక మాట చేశారట. దానికి అర్థం సేవకుడు, చేతికింద మనిషి. మన మినిస్టర్ అక్కడి నుంచే వచ్చాడట. నేను నవ్వి నవ్వి మాలు తట్టలో కూర్చున్నంత పని చేశాను. సాయంత్రం చాయ్ హోటల్లో అందరూ వినేలా, మేస్త్రీ పెద్ద, మినిస్టర్ చిన్న అని ప్రకటించాను. కండువా వేసుకున్న ఒకాయన లేచి, ఏమంటున్నవ్ ముసలోడా అని మీదికొచ్చాడు. నేననలేదు, రోమోళ్లన్నరు, పోయి వాళ్లనడుగు అన్నాను. ఆయన రోము ఏ మండలంలో ఉందో పక్కవాణ్ణి అడిగాడు.

నా ఏరివేత పని మాత్రం ఆమె సాగనివ్వలేదు. సరే, పరాయి మాటలన్నీ తీసేద్దాం, ముందు మీ కమీజు విప్పుండ్రి అంది. కమీజు కూడా లాటిన్‌దేనట, అరబ్బుల నోటి మీదుగా వచ్చిందట. అలమార పోర్చుగీసువాళ్లది, దాని మీద చెయ్యి వేయొద్దంది. ఇంటికి తాళం వేసుకొని చాబి జేబులో పెట్టుకుంటే ఆ చాబి కూడా వాళ్లదే అంది. నేను మొండిగా, సారు అన్న మాట మనదే కదా అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసి, సీనియర్ అన్న లాటిన్ మాట ఇంగ్లీషులో సర్ అయ్యింది, మనం దానికి దీర్ఘం తగిలించి ఇంటి పేరు పెట్టుకున్నాం అంది. మాస్టారును వెళ్లగొట్టి సారును కూర్చోబెట్టినవాణ్ణి, ఇద్దరూ ఒకే ఊరివాళ్లని తెలిసి రెండు రోజులు మూతి ముడుచుకొని పనిచేశాను.

నవ్వుల మధ్యలో ఒక మధ్యాహ్నం నాకు మనసు కలుక్కుమంది. అట్లయితే మా బాపును తోలుకుపోయినవాడు కూడా మగిస్టెర్ వంశమేనా, వాడికీ ఈ చెట్టు మీద కొమ్మ ఉందా అని అడిగాను. టీచర్ గొడుగు మూసింది, తెరిచింది. ఉందని చెప్పింది. మనుషులను కొని, అమ్మి, పొలాల్లో చావగొట్టినవాళ్లను ఆ బానిసలు మాస్టర్ అనే పిలవాల్సి వచ్చిందని చెప్పింది. అది అబద్ధం చెప్పి దాచలేనని కూడా అంది.

"మాట మాత్రం ఏం చేస్తది కుర్మన్నా. ఎక్కువ తెలిసినోడు అని వాళ్లు చేసి పెట్టిన్రు. ఆ ఎక్కువతోటి ఒకడు నేర్పిండు, ఒకడు తొక్కిండు. మీరు ఎట్లాంటోళ్లో ఆ మాటకు తెల్వదు. మీ చేతికింద పనిచేసేటోళ్లకు తెలుస్తది."

ఆ మాట అంటున్నప్పుడు యాదమ్మ మాలు తట్ట దించుతోంది. అంతా వింటూనే ఉంది. చెంగుతో మొఖం తుడుచుకొని, అన్ని కొమ్మలు గీసినవు గని మేడం, దానికి ఆడమాట లేదా, అన్ని దేశాలల్ల మొగోళ్లే ఉన్నరా అని అడిగింది. టీచర్ మొఖం ఒక్కసారి వెలిగింది. నిఘంటువు కుర్చీలో పడేసి ఇటుక ముక్క అందుకుంది. లాటిన్‌లో మగిస్ట్రా ఉందంది. పోర్చుగీసులో మెస్ట్రా, ఇటలీలో మాయెస్ట్రా, జర్మనీలో మైస్టరిన్. ఫ్రెంచిలో మేత్రెస్, అక్కడి నుంచి ఇంగ్లీషులో మిస్ట్రెస్, దాన్నే కురచ చేసి కాన్వెంటు పిల్లలు టీచర్‌ను మిస్ అని పిలుస్తారంది. ఒక్కొక్క కొమ్మ పక్కన ఒక్కొక్క పేరు రాసుకుంటూ తెలుగు దాకా వచ్చింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. మేస్త్రీ పక్కన ఖాళీ. నా వైపు చూసింది. నాకూ తోచలేదు.

"గట్లెట్లుంటది మేడం" అంది యాదమ్మ, తట్ట మళ్లీ ఎత్తుకుంటూ. "తాపీ ఇస్తెనే కద పేరొచ్చేది. మాకు తట్టిచ్చిన్రు."

ఆమె అది సరదాకు అనలేదని పది రోజుల్లో తెలిసింది. మెడ పట్టేసి ఒక పొద్దున తల తిప్పలేకపోయింది. దవాఖానకు వెళ్తే మెడ ఎముకలు అరిగాయని, ఇక తల మీద బరువు పెట్టొద్దని చెప్పి పంపారు. మా పనిలో ఆడవాళ్లకు తల మీద బరువు తప్ప ఇంకొకటి లేదు. కలపాలి, మోయాలి, అందించాలి. తాపీ మగవాడిది. ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలియదు, కానీ తాపీ పట్టిన ఆడదాన్ని నేను అప్పటిదాకా చూడలేదు. అంటే యాదమ్మకు ఆ రోజుతో పని అయిపోయినట్టే. ఆమె వచ్చి నా ముందు నిలబడి, తాపీ ఇయ్యి కుర్మన్నా, కూసోని కట్టుకుంట, నిలబడి కట్టుకుంట, మోసుడు మాత్రం నాతోని కాదు అంది.

నేను వెంటనే కుదరదన్నాను. నా వాదన నాకుంది. ఒక గోడ వంగితే ఆ ఇంటివాడు జన్మంతా తిడతాడు, రేపటి నుంచి జట్టుకు పని దొరకదు. జట్టులో నా తర్వాతివాడు సత్తయ్య, ఆడోళ్ల చేతికి తాపీ ఇస్తే నేను తట్ట మోయాలా అని నవ్వాడు. టీచర్ అంతా విని, గోడ నాది కద, వంకరైతే నా ఇంట్లనే ఉంటది, వంటింట్లో చిన్న గోడ ఆమెకియ్యుండ్రి అంది. నేను ఇంకా గునుస్తుంటే, మీరు సిమెంటు బస్తాల మీద ఇంగ్లీషు నేర్చుకున్నప్పుడు ఎవరినన్నా అడిగిన్రా అని ఒక్క మాట అంది. కోపంగా నా తాపీ తీసి యాదమ్మ ముందు పెట్టాను. అది నా సొంత తాపీ. పిడి అరిగి నా చేతి అచ్చులోకి వచ్చేసింది. పెట్టాక గానీ ఏం చేశానో తెలియలేదు.

యాదమ్మ మొదటి గోడ బాగా రాలేదు. నిజం చెప్పాలి. దారానికి కట్టిన ఇనుప గుండు వేలాడదీసి చూస్తే నడుమ పొట్ట వచ్చింది. మాలు పచ్చిగా ఉండగానే నేను కాలితో తన్ని కూలగొట్టాను. ఆమె నన్నూ మా ఏడు తరాలనూ కలిపి తిట్టి, ఇటుకలు గీకి కడిగి మళ్లీ పేర్చింది. రెండోసారీ కూలగొట్టాను. ఈసారి తిట్టలేదు. నా పక్కన నిలబడి, దారం ఎక్కడ పట్టాలో, కన్ను ఎక్కడ పెట్టాలో చూపించమంది. చూపించాను. మూడోసారి గుండు గోడను రాసుకుంటూ కిందికి దిగింది. కొంచెం తేడా ఉంది, లేదని అనను. కానీ నేను కట్టిన మొదటి గోడకన్నా నయంగా ఉంది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. టీచర్‌కు చెప్పాను. ఆమె వెళ్లి యాదమ్మకు చెప్పేసింది.

దర్వాజ ఎత్తే రోజు వచ్చింది. ఇంటికి మొదటి చౌకట్టు, అంటే ద్వారబంధం నిలబెట్టే ఆ పని మా దగ్గర పూజ లాంటిది. గడపకు పసుపు పూస్తారు, కింద నవధాన్యాలు వేస్తారు, చౌకట్టు నిలబెట్టిన పనిపెద్దకు ఇంటివాళ్లు బొట్టు పెట్టి కొత్త బట్టలిస్తారు. ఏడాది పొడుగునా తిట్లు తినే పనివాడు ఆ ఒక్క గడియ పంతులంత పెద్దవాడవుతాడు. ముస్లిముల ఇంట్లో ఎట్లా చేస్తారోనని అనుకున్నాం. టీచర్ తన పద్ధతిలో ఫాతిహా ప్రార్థన చదివించి మిఠాయి పంచింది. ఆ తర్వాత, మీ మర్యాద కూడా జరగాలె, ఏం చేస్తరో చేయుండ్రి అని చౌకట్టు దగ్గర నిలబడింది. యాదమ్మ ఒక పక్క గుంజ పట్టుకుంది. సత్తయ్య మొఖం మారింది.

"దర్వాజ కాడ ముండమోసిన చెయ్యేంది" అన్నాడు. "ఇల్లు నిలుస్తదా?"

యాదమ్మ గుంజ మీది చెయ్యి తీయలేదు, కానీ చూపు కిందికి దిగింది. టీచర్ మెల్లగా ముందుకొచ్చింది. ఆ బడిగంట గొంతు ఆ రోజు లేవలేదు.

"సత్తయ్యా, నా భర్త పోయి ముప్పై ఏండ్లు. ఈ ఇల్లు నాది. రేపటి నుంచి పొద్దున లేస్తే ఈ దర్వాజల నుంచే నేను బయటికి రావాలె, లోపటికి పోవాలె. మరి నేనేం చెయ్యమంటవు, కిటికీల నుంచి దుంకమంటవా?"

సత్తయ్య రుమాలు దులుపుకొని వెళ్లిపోయాడు. మళ్లీ మా జట్టులోకి రాలేదు. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. చౌకట్టు ఒక గుంజ నేను, ఒక గుంజ యాదమ్మ పట్టి నిలబెట్టాం. గుండు వేలాడదీసి నేను చూశాను, తర్వాత ఆమె చూసింది. నిటారుగా ఉంది. టీచర్ లోపలి నుంచి రెండు పొట్లాలు తెచ్చింది. ఒకటి ధోవతి, కండువా, నాకిచ్చింది. రెండోదాంట్లో ఆకుపచ్చ అంచు నేత చీర ఉంది. అది కూడా నా చేతిలోనే పెట్టింది. నేను ఇస్తే బహుమానం అయితది, మీరిస్తే పని అయితది, ఎక్కడైనా ఒక పనిపెద్ద ఒప్పుకుంటేనే ఇంకొకరు పనిపెద్ద అంది.

ఏమని ఇవ్వాలి? యాదమ్మా అని ఇస్తే చీర ఇచ్చినట్టు అవుతుంది, అంతే. బతుకంతా నా మీద పడనివ్వని మాట, బాపు గొంగడి తెచ్చినవాడి మాట, రోము నుంచి ఓడెక్కి వచ్చిన మాట నాలుక కొసన వచ్చి ఆగింది. టీచర్ నన్నే చూస్తోంది.

"తీస్కో మేస్త్రీ" అన్నాను.

యాదమ్మ చీర అందుకొని కళ్లకు అద్దుకుంది. తర్వాత నా వైపు చూసి, ఇన్నేండ్లకు నోరు తిరిగిందా కుర్మన్నా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ కండువా మొఖానికి అడ్డం పెట్టుకొని నవ్వాను.

గిలాబు చేసే రోజు ముందుగది గోడ దగ్గర నా చెయ్యి ఆడలేదు. ఆ చెట్టును ఎట్లా పూసేయాలి? ఆ గోడ అట్లాగే వదిలేద్దామన్నాను. టీచర్ ఒప్పుకోలేదు. గిలాబు లేని గోడల నీళ్లు దిగుతయి, మీరే కద చెప్పిన్రు అంది. కానీ పూసే ముందు, తెలుగు రెమ్మ పక్కన మిగిలిన ఖాళీ నింపాలంది. నేను అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను. మేస్త్రమ్మ అని రాద్దామా, మేస్త్రీణి అని రాద్దామా అని అడిగాను. యాదమ్మ మాలు కలుపుతూనే, మాకెందుకు వేరే పేరు, తాపీ వేరే ఉన్నదా, గోడ వేరే ఉన్నదా, అదే రాయి అంది. టీచర్ చప్పట్లు కొట్టింది, చిన్నపిల్లలా. నేను ఇటుక ముక్కతో మేస్త్రీ పక్కన మళ్లీ మేస్త్రీ అని రాశాను. యాదమ్మ దాని మీద మొదటి తాపీ మాలు విసిరింది. సాయంత్రానికి గోడ నున్నగా అయ్యింది. దేశాలన్నీ దాని కింద ఉన్నాయి.

నఫీసా టీచర్ ఆ ఇంట్లో కొన్నేళ్లు బతికింది. నేను తీరికున్న ప్రతి సాయంత్రం వెళ్లి ఒక కొత్త మాట దొరికిందని చెప్పేవాణ్ణి. సగం సార్లు ఆమె తల అడ్డంగా ఊపేది, సగం సార్లు నిఘంటువు తెరిచేది. తెరిచిన రోజు నాకు నిద్ర పట్టేది కాదు, అంత ఉత్సాహం. ఒక ఎండాకాలం జ్వరం వచ్చి రెండు రోజుల్లో పోయింది. యాదమ్మా నేనూ వెళ్లాం. మంచాన్ని ఆ దర్వాజలో నుంచే బయటికి తెచ్చారు. యాదమ్మ చౌకట్టు గుంజ మీద చెయ్యి పెట్టి నిలబడింది, మొదటి రోజు నిలబడ్డట్టే. ఇప్పుడు ఆ ఇంట్లో టీచర్ చెల్లెలి కొడుకు ఉంటున్నాడు. మంచివాడు. ముందుగది గోడకు మేకు కొట్టే ముందు నన్ను అడిగాడు. ఇంకొక గోడకు కొట్టుకోమన్నాను. ఎందుకని అడిగితే చెట్టు సంగతి చెప్పాను. అతను ఆ గోడకు రంగు కూడా పలచగా వేయించాడు.

నా మోకాళ్లు పోయాయి. తాపీ యాదమ్మ దగ్గరే ఉండిపోయింది, నేను అడగలేదు. ఆమెకు ఇప్పుడు సొంత జట్టుంది, అందులో ముగ్గురు ఆడవాళ్లు తాపీ పడతారు. పక్క జాగాలో లేస్తున్న ఇల్లు ఆమె కడుతున్నదే. అందుకే పొద్దున ప్రహరీ దగ్గర నిలబడి అంతసేపు వాసన పీల్చుకున్నాను. గోడ మీద నీళ్లు జారుతున్నాయి. పరంజా మీద ఎవరో తడబడినట్టున్నారు, ఒక ఆడగొంతు గట్టిగా పిలిచింది.

"ఓ మేస్త్రీ, జర ఇటు చూడు. దారం పక్కకు పోతాంది."

ఆ పిలుపు నాకు కాదని నాకు తెలుసు. అవతలి నుంచి యాదమ్మ వస్తున్న అడుగుల చప్పుడు కూడా వినిపిస్తోంది. అయినా నా నోరు ఆగలేదు. ఆ మాటతో నన్ను పిలిచినన్నాళ్లూ ఒక్కసారీ పలకనివాణ్ణి, ప్రహరీ పట్టుకొని మడమలెత్తి, ఆఁ అన్నాను.